ఆగని పెడళ్లు

నాకు ముక్కు మీద కోపమని తండాలో అందరికీ తెలుసు. సైకిళ్ల పిచ్చి అని కూడా తెలుసు. ఈ రెండూ కలిసి మా చెల్లెలిని ఏం చేశాయో చెప్పాలంటే మొన్నటి దసరా నుంచి మొదలుపెట్టాలి.

నా పేరు వెంకట్. జఫర్‌గఢ్ పోయే రోడ్డు మీద నాకు సైకిల్ షాపు ఉంది. షాపు పక్క నుంచి ఓ మట్టి దారి గుట్ట ఎక్కుతుంది. గుట్ట మీద మా తండా. ఇంట్లో మేం మా భాషే మాట్లాడుకుంటాం, మీ కోసం అందరి మాటలూ తెలుగులో చెప్తున్నాను. ఈ కాలంలో సైకిళ్లెవరు తొక్కుతారని నవ్వకండి. మా ఆడవాళ్లు పత్తి ఏరడానికి సైకిళ్ల మీదే పోతారు. మగవాళ్లకు మోటారుబండ్లు ఉన్నా ఇంటికో సైకిల్ ఉంటుంది. బండి పనికి, సైకిల్ షోకుకు.

దసరాకు వారం ముందు నుంచే నా షాపు ముందు జాతర. ఒకడు రిమ్ములకు కిరసనాయిలు పెట్టి తోముతుంటాడు. ఒకడు స్పోకులకు రంగు పూసలు గుచ్చుతుంటాడు. ఇంకొకడు మడ్‌గార్డు మీద రేడియంతో బిడ్డ పేరు అంటిస్తుంటాడు. హబ్బులకు కుచ్చులు, హ్యాండిల్‌కు రిబ్బన్లు, ఒక్కో సైకిల్‌కు నాలుగేసి అద్దాలు. నాలుగెందుకురా అంటే రెండు వెనక చూడటానికి, రెండు మొహం చూసుకోవడానికి అంటారు. పండుగ పొద్దున సైకిళ్లన్నీ బడి మైదానంలో వరసగా నిలబెట్టి, బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేస్తాం. మధ్యాహ్నం స్లో రేసు.

స్లో రేసంటే అందరికంటే చివర వచ్చినవాడే గెలిచినట్టు. యాభై అడుగుల దూరం. కాలు నేలకు తగిలితే అవుట్. వేగంగా తొక్కడం ఏ గాడిదకైనా వస్తుంది, సైకిల్ మీద కదలకుండా నిలబడమనండి, అప్పుడు తెలుస్తుంది. నాలుగేళ్లుగా ఆ రేసు గెలిచేది నేనే. నాలుగేళ్లుగా నేను చేసేది దొంగతనమే.

మామూలు సైకిల్‌కు వెనక చక్రంలో ఫ్రీవీల్ ఉంటుంది. తొక్కడం ఆపితే పెడళ్లు ఆగిపోతాయి, చక్రం మాత్రం తిరుగుతూ పోతుంది. దిగుడులో కాళ్లు కదపకుండా హాయిగా జారిపోతాం చూడండి, అది దాని పుణ్యమే. నేను ఆ ఫ్రీవీల్‌ను లోపలి నుంచి వెల్డింగ్ పెట్టి బిగించేశాను. ఇక చక్రమూ పెడళ్లూ ఒకటే. పెడలు ఆపితే చక్రం ఆగుతుంది, చక్రం తిరిగితే పెడలు తిరిగి తీరాలి. స్లో రేసులో అది వరం. పెడళ్ల మీద బరువు వేసి ఎంతసేపైనా నిలబడొచ్చు. దిగుడులో మాత్రం అది చావు. పెడళ్లు ఆగవు, కాళ్లను విసిరి కొడతాయి. నేను ఆ సైకిల్‌ను ఎప్పుడూ గుట్ట మీదికి తీసుకుపోలేదు. షాపూ గుట్ట కిందే, బడి మైదానమూ గుట్ట కిందే. దానికి బ్రేకులూ చైన్ కవరూ కూడా విప్పి పారేశాను. అది ఒట్టి షోకు. బ్రేకుల్లేని సైకిల్ మీద వెంకట్ ఎట్ల నిలబడ్తడో చూడుర్రి అని జనం అనుకుంటుంటే నాకు కళ్లు నెత్తికెక్కేవి. వెల్డింగ్ సంగతి నాకు, నా భార్య సౌందర్యకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇక మా బావ దేవ్యా. మా చెల్లెలు నీలి మొగుడు. మహబూబాబాద్ దిక్కు తండా నుంచి వచ్చి పెళ్లయ్యాక మా తండాలోనే ఉండిపోయాడు. ట్రాక్టర్ నడుపుతాడు, పని దొంగ కాదు, పాట మంచిగా పాడతాడు. పెళ్లాన్ని కొడతాడు. పదహారేళ్లుగా కొడుతున్నాడు. వాళ్లకు ఒక్కతే బిడ్డ, మౌనిక, భూపాలపల్లిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పదో తరగతి ప్రత్యేక క్లాసులని ఆ దసరాకు ఇంటికి పంపలేదు. ఆ పిల్ల సెలవులకు వచ్చినప్పుడు తప్ప నీలి ఒంటి మీద ఏదో ఒక మచ్చ పచ్చిగానే ఉంటుంది. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నీలే అడ్డం వచ్చి, నువ్వు పోయినంక నాకు డబుల్ పడ్తది అన్నా, ఊకో అంది. ఊరుకున్నాను. ఊరుకోవడం నా ఒంటికి పడదు, లోపల ఉడుకుతూనే ఉంది.

ఆ దసరాకు నీలి సైకిల్‌ను నేనే ముస్తాబు చేశాను. రెండు రోజుల ముందే షాపుకు తెచ్చుకుని, ఎర్ర రంగు వేసి, మా అమ్మ పాత పేట్యా, అంటే అద్దాలు కుట్టిన పావడా, గుడ్డ కత్తిరించి సీటుకు అద్దాల కవరు కుట్టించాను. పూజలో అన్ని సైకిళ్ల మధ్య అది మెరుస్తుంటే నీలి దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. ముప్పై ఐదేళ్ల మనిషి, చిన్నపిల్లలా బెల్లు కొట్టి కొట్టి చూసింది. దగ్గరికి వస్తే ఎడమ కన్ను కింద కాటుక కాదు, కమిలిన రంగు. నేను చూశానని ఆమె చూసింది. కొంగు ముందుకు లాక్కుంది.

రేసులో పదకొండు మందిమి. గీత దాటి పదడుగులు పోకముందే దేవ్యా హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది, కాలు నేలకు తగిలింది, మనిషి సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోయాడు. బంతిపూల దండ మెడలో పడింది. మైదానమంతా నవ్వింది. ఆడవాళ్ల గుంపులో నీలి కూడా నవ్వింది. అందరూ నవ్వుతుంటే నవ్వొచ్చింది, అంతే. దేవ్యా లేచి దుమ్ము దులుపుకొని తిన్నగా ఆడవాళ్లలోకి పోయి, ఆమె చెంప మీద కొట్టాడు. అద్దం పగిలినంత చప్పుడైంది. నీలి కూలబడింది. పెదవి చిట్లి రక్తం రవికె మీద కారింది.

నేను అప్పటికి గీతకు ఐదడుగుల దూరంలో, సైకిల్ మీద నిలబడి ఉన్నాను. దిగాను. అక్కడ గాలి కొట్టడానికి పెట్టిన ఇనుప పంపు ఉంది. దాన్ని అందుకొని పోయి దేవ్యా మొహం మీద ఒక్కటిచ్చాను. పన్ను ఊడి నా చొక్కా మీద పడింది. రెండోది భుజం మీద. వాడు నా గొంతు పట్టుకున్నాడు. ఇద్దరం కింద పడి, పూజ చేసిన సైకిళ్ల మీద దొర్లాం. స్పోకు ఒకటి నా మోచేతిలో దిగింది. వాడి చెవి నా పళ్ల మధ్య ఉంది. నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నాకు ఎంతో సుఖంగా ఉంది. పదహారేళ్లుగా దాచుకున్నదంతా చేతుల్లోంచి బయటికి పోతుంటే ఒళ్లు తేలికైంది.

తండా పెద్ద గణపతి, ఇంకో నలుగురు కలిసి మమ్మల్ని విడదీశారు. గణపతికి డెబ్బై ఏళ్లు, మాట మెత్తన, తీర్పు గట్టి.

"పండుగ పూట బావను పంపుతోని కొడ్తవా, వెంకట్?" అన్నాడు.

"వాడు నా చెల్లెను అందరి ముంగట కొట్టిండు, అది కనవడలేదా కాకా?"

"మొగడు పెండ్లాన్ని కొట్టుడు ఇంట్ల ముచ్చట. నువ్వు వాన్ని కొట్టుడు పంచాయితీ ముచ్చట. ఎల్లుండి కూసుందాం. అప్పటిదాంక పద్ధతి ప్రకారం నీ సామాను వాని ఇంట్ల పెట్టు."

మా తండాలో ఓ పద్ధతి ఉంది. పంచాయితీ తెగేదాకా, కొట్టినవాడు తనకు ప్రాణమైన వస్తువొకటి దెబ్బ తిన్నవాడి ఇంట్లో ఉంచాలి. దాన్ని వాడుకునే హక్కు కూడా దెబ్బ తిన్నవాడిదే. రెండు రోజులు తన వస్తువు లేకపోతే కొట్టినవాడు దిగొస్తాడని, దాన్ని చూసుకుని రెండోవాడు చల్లబడతాడని పెద్దల లెక్క. ఇంకో మాట కూడా ఉంది. ఇచ్చే వస్తువులో లోపముంటే అందరి ముందు అప్పుడే చెప్పాలి.

నాకు ప్రాణమైన వస్తువేదో అడగాల్సిన పని లేదు. అందరూ నా సైకిల్ వైపే చూశారు. దేవ్యా నోట్లోంచి రక్తం ఉమ్మేసి నవ్వాడు. ముందు పన్ను లేని నవ్వు.

"లోపమేమన్న ఉంటె గిప్పుడే చెప్పు," అన్నాడు గణపతి.

"బ్రేకులు లెవ్వు. కండ్లున్నోళ్లకు కనవడ్తనే ఉంది."

"ఇంకేం లేదా?"

చెప్పాలంటే నాలుగేళ్ల గెలుపులూ దొంగవని చెప్పాలి. చుట్టూ వంద మంది ఉన్నారు. ఎదురుగా దేవ్యా ఉన్నాడు, నా సైకిల్ సీటు మీద చెయ్యి వేసి. పరువు ఒక పక్క, పగ ఒక పక్క నా నోరు మూశాయి. ఏది ఎక్కువ గట్టిగా మూసిందో ఇప్పటికీ చెప్పలేను.

"ఏం లేదు," అన్నాను.

వాడు సైకిల్‌ను గుట్ట మీదికి తొక్కుకుంటూ పోయాడు. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు. ఎక్కుడులో ఏ సైకిల్ అయినా ఒకటే. నేను వాడి వీపు వైపు చూస్తూ లెక్క వేసుకున్నాను. రేపు పొద్దున వీడు దీని మీద కూర్చొని, షోకు చేసుకుంటూ, బ్రేకుల్లేకపోతే మావాళ్లంతా చేసేట్టు చెప్పు నేలకు రాసి ఆపుకోవచ్చులే అని కాళ్లు వదిలేసి దిగుతాడు. సగం గుట్టకు వచ్చేసరికి వేగం అందుకుంటుంది. కింద వాన నీళ్లు పోయే మోరీ దగ్గర రాళ్లున్నాయి.

సాయంత్రం సౌందర్య నా మోచేతికి పసుపు అద్దుతూ అంది, "పొయ్యి చెప్పు. వాడు సస్తే నువ్వు జైలుకు పోతవ్."

"బ్రేకుల్లేవని చెప్పిన గదా."

"నేనడిగింది బ్రేకుల ముచ్చట గాదు."

"రేపు చెప్తలే."

"రేపంటే ఎప్పుడు? వాడు పడ్డంకనా?" అని పసుపు గిన్నె ఠపీమని కింద పెట్టింది. నేను పళ్లెం ముందుకు లాక్కుని పండుగ మాంసం కడుపునిండా తిన్నాను.

మరునాడు ఎప్పటికంటే ముందే షాపు తీశాను. గుట్ట దారి కనిపించేలా స్టూలు వేసుకుని కూర్చున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, తమాషా చూడటానికే కూర్చున్నాను. నా పక్కనే గోడకు ఆనించి నీలి ఎర్ర సైకిల్ ఉంది. కొట్లాటలో దాన్ని తీసుకుపోవడం ఎవరికీ గుర్తులేదు, మైదానంలో మిగిలిపోతే నేనే తెచ్చి పెట్టాను. నా మోకాలికి దాని పెడలు తగులుతూనే ఉంది. అది ఇక్కడుంటే నీలి ఇవ్వాళ పత్తికి దేని మీద పోతుందన్న ఆలోచన నా మట్టిబుర్రకు రాలేదు.

ఏడు గంటలకు గుట్ట మీది మలుపులో నా సైకిల్ హ్యాండిల్ ఎండకు మెరిసింది. స్టూలు మీంచి లేచాను. మెరుపు వెనక ఆకుపచ్చ చీర.

అరిచాను. నా గొంతు అంత దూరం పోలేదు. ఆమె తొక్కడం ఆపి, దిగుడు కదా అని కాళ్లు వదులు చేసింది. పెడళ్లు ఆగలేదు. పైకి లేచిన పెడలు ఆమె కాలిని ఎత్తి పడేసింది. రెండోది పిక్క మీద కొట్టింది. సైకిల్ వేగం అందుకుంది. ఆమె కాళ్లు రెండూ పక్కకు చాపి హ్యాండిల్‌ను గుండెలకు అదుముకుంది. తర్వాత చీర అంచు చైనులో పడింది. మామూలు సైకిల్ అయితే చైను అక్కడే బిగుసుకుని ఆగేది. నా చైను ఆగదు. అది చీరను మింగుతూ పోయింది, చీరతో పాటు పాదాన్ని లాక్కుంది. నేను పరుగెత్తుతూనే ఉన్నాను. మోరీ ముందు తుమ్మ చెట్ల వెనక్కి పోయి ఆమె కనిపించకుండా పోయింది. చప్పుడు మాత్రం వినిపించింది.

నాకంటే ముందు దేవ్యా చేరాడు. ఆమె మరిచిపోయిన సద్దిగిన్నె ఇవ్వడానికి, కిందనే అందుకుందామని అడ్డదారిన దిగి వస్తున్నాడట. నేను పోయేసరికి చైనులోంచి చీర చింపి, ఆమెను ఒడిలోకి తీసుకుని కూర్చున్నాడు. ఆమె గడ్డం చీలిపోయి లోపలి తెలుపు కనిపిస్తోంది. కుడి పాదం మడమ దగ్గర వెనక్కి తిరిగి ఉంది. వాడి చేతులు మోచేతుల దాకా రక్తం. అప్పుడే పత్తి కూలీకి పోయే ఆడవాళ్లు మలుపు తిరిగి వచ్చి ఆ రక్తపు చేతులు చూశారు.

"సంపిండే! నీలిని సంపిండు!" అని ఒకామె కేక పెట్టింది.

నిన్నటి చెంపదెబ్బ అందరూ చూసిందే. ఇంకెవరూ ఏమీ అడగలేదు. తండా తండా కిందికి దిగింది. ఆడవాళ్లు నీలిని ఎత్తుకుని రోడ్డు మీదికి పోయి ఆటోలో వేశారు, సౌందర్య కూడా ఎక్కింది. ఆటో జనగామ పెద్ద దవాఖానకు కదలగానే మగవాళ్లు దేవ్యా చుట్టూ మూగారు.

"నేనేం జెయ్యలే! ఇయ్యాల నేను ముట్టనన్న ముట్టలే!" అని వాడు అరుస్తున్నాడు. ఎవడో వెనక నుంచి నడుం మీద తన్నాడు. ముందుకు పడ్డాడు. సద్దిగిన్నె దొర్లి జొన్నరొట్టె దుమ్ములో పడింది. తుమ్మకట్టెలు లేచాయి. వాడు తల చేతుల్లో దాచుకుని ముడుచుకుపోయాడు. దెబ్బలు బస్తా మీద పడ్డట్టు పడుతున్నాయి.

నేను నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. అదో ఆ చక్రం చూడండిరా అంటే చాలు. ఆ మాట నా నాలుక మీద ఉంది. అప్పుడు ఎవడో నా చేతిలో కట్టె పెట్టి, "నీ చెల్లె అన్నా, నువ్వు కొట్టు," అన్నాడు. అందరూ పక్కకు జరిగి నాకు దారి ఇచ్చారు.

కొట్టాను. ముందు నెమ్మదిగానే కొట్టానేమో. తర్వాత చెయ్యి నా మాట వినలేదు. ఆ కుడి చెయ్యి, పదహారేళ్లుగా ఆమె మీద లేచిన చెయ్యి, నేల మీద చాపి ఉంటే మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగింది. వాడు తల ఎత్తి నన్ను చూశాడు. వాడి చూపు నా భుజం మీదుగా మోరీలో పడి ఉన్న సైకిల్ మీదికి పోయింది.

"పెడలు ఆగలేదన్నది బావా," అన్నాడు. "పడ్డంక గా ఒక్క మాటే అన్నది. పెడలు ఆగలేదని. నువ్వే జూడు, ఆ సక్రం తిప్పి..."

ఆ మాట పూర్తి కాకూడదని నోటి మీద కొట్టాను. కోపంతో కాదు. అప్పటిదాకా కొట్టిన దెబ్బలన్నీ కోపంవే, వాటికి ఏదో ఒక సాకు చెప్పుకోగలను. ఈ ఒక్కటి మాత్రం తెలిసి, ఆలోచించి, గురిచూసి కొట్టాను. వాడు ఇంక మాట్లాడలేదు. గణపతి వచ్చి నా కట్టె గుంజుకున్నాడు. దేవ్యాను కూడా అదే దవాఖానకు పంపించారు. అందరూ పోయాక నేను సైకిల్‌ను షాపుకు మోసుకొచ్చి, వెనక చక్రం విప్పి, ఫ్రీవీల్ ఊడదీసి పాత ఇనుప సామాను అడుగున పడేశాను.

నీలికి మూడో రోజు నోరు పెగిలింది. గడ్డానికి పదిహేడు కుట్లు. పాదంలో ఇనుప కడ్డీలు. ఆమె మంచం పక్కన మౌనిక కూర్చుని ఉంది, భూపాలపల్లి నుంచి స్కూలు డ్రెస్సులోనే వచ్చేసింది. ఠాణా నుంచి ఓ హెడ్ కానిస్టేబుల్ కాగితాలతో వచ్చాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఎవరు కొట్టిన్రమ్మా? మీ ఆయనేనా?" అని అడిగాడు ఆయన.

"ఎవ్వలు కొట్టలే. సైకిల్ మీదికెంచి పడ్డ."

ఆయన కలం పక్కన పెట్టాడు. ఇలాంటివి చాలా విన్నవాడిలా ఉన్నాడు. "భయపడకు. ఊరంతా చెప్తున్నరు ఆయనే కొట్టిండని."

"ఊరికేం ఎరుక? ఆ పొద్దు కొట్టలే సారూ. ఆ ఒక్క పొద్దు కొట్టలే." కుట్లు లాగుతుంటే ఆగి ఊపిరి తీసుకుంది. "కొట్టిన పొద్దులు చెప్తా, రాసుకుంటవా?"

ఆయన కలం తీసుకున్నాడు. నీలి మొదలుపెట్టింది. మౌనిక కడుపులో ఉన్నప్పుడు రోకలితో. మిరప కల్లంలో అందరి ముందు చెప్పుతో. కూర చల్లారిందని. కూర వేడిగా ఉందని. తేదీలు తెలియవు, పంటలు చెప్పింది. పత్తి మొదటి ఏరుడప్పుడు ఇది, వరి కోతలప్పుడు అది. ఆయన మూడు కాగితాలు రాశాడు. మౌనిక తల్లి చేతిని వదల్లేదు. గోడ అవతలి వార్డులో దేవ్యా చేతికి కట్టుతో పడుకుని ఉన్నాడు, వినిపించిందో లేదో తెలియదు.

ఆయన పోయాక నీలి బిడ్డను నీళ్లకని బయటికి పంపింది. నన్ను దగ్గరికి రమ్మంది.

"చక్రం ఏడుంది అన్నా?"

నేను తలుపు వైపు చూశాను.

"సైకిల్ తొక్కుడు నువ్వే నేర్పినవ్. ఫ్రీవీల్ అంటే ఏందో పదేండ్లప్పుడు నువ్వే విప్పి చూపించినవ్. పెడలు ఎందుకాగలేదో నాకు తెల్వదనుకున్నవా? ఎన్నేండ్ల సంది గిట్ల?"

"నాలుగేండ్లు."

"లోపమేమన్న ఉన్నదా అని కాక అడిగినప్పుడు నేను ఆడనే ఉన్న. ఏం లేదన్నవ్. మా అన్న లేదన్నడంటె లేదనుకొని ఎక్కిన."

"వానికనుకున్న నీలీ. నీకు గాదు. నువ్వు ఎక్కుతవని కలల గూడ అనుకోలే." నాకు ఏడుపు ఆగలేదు. పెద్ద మగవాణ్ని, వార్డంతా చూస్తుండగా చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆమె ఏడవలేదు. "మా ఇంటికొచ్చిన సామాను నేను ముట్టనని ఎట్ల అనుకున్నవ్? ఆ ఇంట్ల ఏది విరిగినా నా మీదనే గదా పడేది." దుప్పటి పైకి లాక్కుంది. "వాడు నా ఎదురుంగ నిలవడి కొడ్తడు. వస్తున్నదని తెలుస్తది, చెయ్యన్న అడ్డం పెట్టుకుంట. నీ దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టేటందుకు గూడ లేకపాయె."

"నేను ఏం జెయ్యాలె చెప్పు. ఏమంటే గది జేస్త."

"పంచాయితీల నీ నోటితోని చెప్పు. నా కోసం కాదు. చెయ్యని దానికి వాడు దెబ్బలు తింటే, రేపు చేసినవన్నీ గూడ చెయ్యలేదనే అంటడు. ఆ సందు వానికి నేనియ్య."

ఈ గొడవతో వాయిదా పడ్డ పంచాయితీ ఆదివారం కూర్చుంది, తండాలో అందరి ముందు నిలబడి చెప్పాను. వెల్డింగ్ చెప్పాను, నాలుగు గెలుపులు చెప్పాను, స్టూలు వేసుకుని కూర్చున్నది చెప్పాను, నోటి మీద కొట్టిన ఆఖరి దెబ్బ ఎందుకో కూడా చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. నాతో పాటు కట్టెలు పట్టినవాళ్లంతా నేల చూపులు చూశారు. గణపతి లేచి, సైకిల్ తెమ్మన్నాడు. నా రంపంతోనే, నా చేతులతోనే దాన్ని రెండు ముక్కలు కోయించాడు. ఇనుము తెగడానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ ఎవరూ లేచి పోలేదు.

తర్వాత రెండు కేసులయ్యాయి. నీలి రాయించినది దేవ్యా మీద, నేను చేసినది నా మీద. జనగామ కోర్టుకు ఇద్దరం ఒకే బస్సులో పోతున్నాం. వాడి కుడి చేతి వేళ్లు రెండు ముడుచుకోవు. టికెట్టు తీసుకునేటప్పుడు ఎడమ చెయ్యి చాపుతాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

నీలి వాడి దగ్గరికి పోలేదు. నా ఇంటికీ రాలేదు. జఫర్‌గఢ్‌లో ఓ గది అద్దెకు తీసుకుంది. సౌందర్య ఎర్ర సైకిల్ తీసుకుపోయి ఇచ్చి వచ్చింది. ఆరు నెలలకు మళ్లీ తొక్కడం మొదలుపెట్టిందని, ఎగుడులో దిగి నడుస్తుందని, దిగుడులోనూ దిగి నడుస్తుందని విన్నాను.

మొన్న మిరప ఏరుళ్లు అయిపోయే రోజుల్లో, పన్నెండు గంటల ఎండలో నా షాపు ముందు రోడ్డు మీద ఆమెను చూశాను. సైకిల్‌ను నడిపించుకుంటూ వస్తోంది. వెనక టైరులో గాలి లేదు, రిమ్ము రోడ్డుకు తగిలి టకటకమంటోంది. కుడి పాదం ఈడుస్తోంది. రెండడుగులకోసారి ఆగి హ్యాండిల్ మీద వాలి ఊపిరి తీసుకుంటోంది. నేను పని ఆపి లేచాను. నీళ్ల గిన్నె, ప్యాచ్ ముక్క, పంపు అన్నీ ముందే ఉన్నాయి. ఐదు నిమిషాల పని. షాపు ముందు నీడ ఉంది. ఆమె నీడలోకి రాలేదు. తల తిప్పలేదు. నా ముందు నుంచే కుంటుకుంటూ పోయింది. ఇంకో పంక్చర్ షాపు అక్కడికి కిలోమీటరున్నర.